స్టెంట్ వేశాక నడవాలంటే భయం, బరువు దిగడం లేదు: మైండ్‌ఫుల్‌నెస్ థెరపీ పనికొస్తుందా?

గుంటూరు గుమస్తా:

అందరికీ నమస్కారం. నాకు 51 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. పోయిన సంక్రాంతికి ముందు గుండెపోటు వచ్చింది, యాంజియోప్లాస్టీ చేసి ఒక స్టెంట్ వేశారు. ఎకో (గుండె స్కాన్)లో గుండె పంపింగ్ 50 శాతం ఉంది, పర్వాలేదన్నారు. షుగర్ కూడా ఉంది. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు 94 కిలోలు. డాక్టరు గారిది ప్రతిసారీ ఒకటే మాట, నడవండి, బరువు తగ్గండి అని.

నడవాలనే ఉంది. స్టేడియం ట్రాక్ మీద ఒక రౌండు పూర్తయ్యేసరికి ఒళ్లు వేడెక్కుతుంది, గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తుంది. గుండెపోటు వచ్చిన రోజు యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాస్తుండగా నాకు మొదలైంది అచ్చం ఇలాగే. ఇంక కాలు ముందుకు పడదు. అక్కడే గట్టు మీద కూర్చుండిపోతాను, చెయ్యి దానంతటదే జేబులో సార్బిట్రేట్ (గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర) స్ట్రిప్ మీదకి పోతుంది. ఇలా భయపడి క్యాజువాల్టీకి కూడా వెళ్లాం. ఈసీజీ నార్మల్, రక్తపరీక్ష నార్మల్. తర్వాత టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష, చేసి అదీ బాగుందన్నారు. రిపోర్టులన్నీ బాగున్నాయి, భయం మాత్రం పోలేదు.

ఇంకో విషయం. అలా సగంలో తిరిగొచ్చిన రోజు రాత్రి తిండి మీద అదుపుండదు. భోజనం చేసి పడుకున్నా పదకొండింటికి లేచి చేగోడీల డబ్బా తీస్తాను. ఆకలి కాదు, అది నాకూ తెలుసు.

ఈసారి చెకప్‌లో డాక్టరు గారు అక్కడే ఉన్న సైకాలజిస్టు మేడం దగ్గరికి పంపారు. వారానికి ఒకరోజు చొప్పున ఎనిమిది వారాలు, మైండ్‌ఫుల్‌నెస్ థెరపీ అన్నారు, అంటే ఒంట్లో, మనసులో ఆ క్షణంలో జరిగేదాన్ని గమనించడం నేర్పుతారట. మా బావమరిది, కళ్లు మూసుకుని కూర్చుంటే కొవ్వెలా కరుగుతుంది బావా అంటున్నాడు. మా అమ్మేమో సైకాలజిస్టు అనేసరికి ఏడుపు మొదలుపెట్టింది. గుండె జబ్బు ఉండి ఇలాంటిది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. దీనివల్ల నడక పెరుగుతుందా? బరువు తగ్గుతుందా? డబ్బు పెట్టే ముందు తెలుసుకోవాలని అడుగుతున్నాను.

వైజాగ్ ఫిజియో:

గుమస్తా గారూ, నేను విశాఖలో కార్డియాక్ రిహాబ్ (గుండె రోగుల్ని మళ్లీ నడకకి, పనులకి అలవాటు చేసే) విభాగంలో ఫిజియోథెరపిస్టుని. థెరపీ సంగతి తర్వాత, ముందు నడక గురించి చెబుతాను.

టీఎంటీ బాగుండి, పంపింగ్ బాగుండి డాక్టరు గారు నడవమన్నారంటే అన్నీ చూసుకునే అన్నారు. ఒళ్లు వేడెక్కడం, దడ చెవుల్లో వినిపించడం, కాస్త ఆయాసం రావడం మామూలే, గుండె జబ్బు లేనివాళ్లకీ నడిస్తే వస్తాయి. కానీ ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టో బిగించినట్టో ఉండి, అది దవడకో చేతికో వీపుకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా, కళ్లు తిరిగినా ఇంక ఆలోచించొద్దు. ఆగి కూర్చోండి. మీ డాక్టరు చెప్పిన ప్రకారం సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకోండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకి ఒక్కోసారి నొప్పి తెలియదు, ఆయాసమో విపరీతమైన నీరసమో మాత్రమే ఉంటుంది. అందుకే అనుమానం వచ్చి ఈసీజీకి పరిగెత్తినందుకు ఎవరేమన్నా పట్టించుకోకండి, ముందు ముందు కూడా అనుమానమొస్తే వెళ్లండి.

రెండోది వేగం. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మాత్ర) వేసుకుంటుంటే నాడి వేగం అంతగా పెరగదు, వాచీలో కనిపించే అంకెను పట్టుకుని నడిస్తే లెక్క తప్పుతుంది. పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అది సరైన వేగం. మా దగ్గర 6 నుంచి 20 దాకా అంకెలున్న బోర్గ్ స్కేలు గోడకి అతికించి ఉంటుంది. నడుస్తూ ఎంత కష్టంగా ఉందో పేషెంటే చెప్పాలి. మామూలుగా 11 నుంచి 13 మధ్యలో ఉంచుతాం.

థెరపీ ఉపయోగం నాకు కనిపించేది ఇక్కడే. భయపడుతున్న మనిషిని ఎంత కష్టంగా ఉందని అడిగితే 17 అంటారు. చూస్తే చెమట కూడా పట్టి ఉండదు, హాయిగా మాట్లాడుతుంటారు. కాళ్ల అలసట, ఊపిరి, భయం మూడూ కలిపి ఒకే అంకె చెప్పేస్తారు. వాటిని విడివిడిగా గమనించడం వచ్చినవాళ్లు స్కేలు మీద నిజం చెబుతారు, వాళ్ల నడక పెంచడం మాకు తేలిక. మా విభాగంలో ఎంతోమంది దగ్గర చూసి చెబుతున్న మాట ఇది.

మొదట పది నిమిషాలు చాలు. మొదలుపెట్టేటప్పుడు నెమ్మదిగా, ఆపేటప్పుడు ఇంకా నెమ్మదిగా. ఉన్నపళంగా ఆగి నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, దాంతో మళ్లీ భయం. మీరు గభాలున గట్టు మీద కూర్చున్నప్పుడు జరుగుతున్నది కొంత ఇదే కావచ్చు. మెల్లగా రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులకి తీసుకెళ్లండి.

కాకినాడ టీచరమ్మ:

తమ్ముడూ, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మూడు రక్తనాళాల్లో పూడికలుంటే బైపాస్ చేశారు. మీరు అడిగిన ఎనిమిది వారాల థెరపీ నేను చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆపరేషన్ తర్వాత నాకు నడకంటే భయం కాదు, ఛాతీ ఎముకంటే భయం. మధ్యకి కోసి తీగలతో కుడతారు కదా, దగ్గితే ఒక చురుకు, పక్కకి తిరిగితే ఒక చురుకు. ప్రతి చురుక్కీ పని అయిపోయిందనుకునేదాన్ని. ఎముక అతుక్కుంది, నడవండి అని సర్జన్ గారు చెప్పాక కూడా మా వీధి చివర పాలకేంద్రం దాటలేదు. అప్పుడు అదే ఆసుపత్రిలో సైకాలజిస్టు అమ్మాయి దగ్గరికి పంపించారు. మా అబ్బాయి కంటే చిన్నది.

మొదటిరోజు చేతిలో ఒక ఎండుద్రాక్ష పెట్టింది. చూడండి, వాసన చూడండి, నాలుక మీద పెట్టుకుని నమలకుండా ఉండండి అంది. అక్కడున్న పెద్దాయన ఒకరు విసుక్కున్నారు కూడా. ఇంటికెళ్లి మీకు ఇష్టమైనదానితో ఇలాగే చేసి రండి అంది. కాకినాడలో ఇష్టమైనది అంటే ఏముంటుంది, కాజా. ఒక గొట్టం కాజా పళ్లెంలో పెట్టుకుని, టీవీ ఆపి కూర్చున్నాను. కొరకగానే పైపొర విరిగింది, లోపలి పాకం వెచ్చగా నోట్లోకి దిగింది. ఆ మొదటి ముక్క ఎంత బాగుందో చెప్పలేను. రెండో ముక్క బాగుంది. సగం అయ్యేసరికి నాలుకకి తీపి తప్ప రుచి అందడం లేదు. మిగతా సగం పక్కన పెట్టేశాను, ఎవరూ వద్దనలేదు. మానేయమని ఎంతమంది చెప్పినా మానలేని వస్తువు అది. వద్దని ఎవరో లాక్కుంటే మనసంతా దానిమీదే ఉంటుంది, చాలని నాకే తెలిసినప్పుడు ఆ బాధ లేదు.

ఇక నడక. పార్కులో నడిచేటప్పుడు ఏం చేయాలో ఆ అమ్మాయి చెప్పిన పద్ధతి ఇది. కళ్లు మూసుకోనక్కర్లేదు. అరికాలు నేలకి తగలడం మీద ధ్యాస పెట్టాలి, మడమ, తర్వాత మునివేళ్లు. ఒంట్లో ఏదైనా తెలిస్తే మనసులో పేరు పెట్టాలి. వేడి. దడ. కుట్టు దగ్గర చురుకు. ఆ తర్వాత మనసులో మాట వస్తుంది, ఇక్కడే పడిపోతానేమో అని. దానికీ పేరు పెట్టాలి, ఇది ఆలోచన అని. దాన్ని తరిమేయాలని చూడొద్దు, దానితో వాదించొద్దు. వైజాగ్ ఫిజియో గారు చెప్పిన ప్రమాద లక్షణాలు ఉన్నాయా అని ఒక్కసారి చూసుకోవాలి. లేవు అనుకుంటే, భయం ఉన్నా సరే, పక్క చెట్టు దాకా నడవాలి. అక్కడ మళ్లీ చూసుకోవాలి.

నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. భయం పోయాక నడుద్దాం అనుకుంటే ఆ రోజు రాదు. భయం ఉండగానే నడవడం నేర్పుతారు. నడవగా నడవగా, ఏమీ కాలేదని ఒంటికి తెలుస్తుంది, అప్పుడు భయం తనే తగ్గుతుంది. నాకు పూర్తిగా పోలేదు, ఎండ ఎక్కువైన రోజు ఇప్పటికీ వస్తుంది. నేను మాత్రం ఆగిపోను.

ఇంకో ప్రశ్న కూడా అడిగింది ఆ అమ్మాయి. బరువు తగ్గి ఏం చేస్తారమ్మా అని. డాక్టరు తగ్గమన్నారు కాబట్టి అన్నాను. అది మీ డాక్టరు కోరిక, మీది చెప్పండి అంది. చాలాసేపు ఏమీ తోచలేదు. తర్వాత చెప్పాను, అన్నవరం కొండ మెట్ల దారిన ఎక్కాలని ఉంది, పెళ్లయిన కొత్తలో మావారితో ఎక్కాను, మళ్లీ ఎప్పుడూ బస్సులోనే పైకెళ్లాను అని. అప్పట్నుంచి పొద్దున లేవబుద్ధి కానప్పుడు నాకు గుర్తొచ్చేది కొలెస్టరాల్ రిపోర్టు కాదు, ఆ మెట్లు. డాక్టరు గారు సరేనన్నాక, మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కాను కూడా.

బరువు విషయంలో అబద్ధం చెప్పను. 78 ఉండేదాన్ని, ఏడాది దాటాక 71కి వచ్చాను. అది ధ్యానంతో తగ్గిన బరువు కాదు. రాత్రి అన్నం తగ్గించి కూర పెంచాను, ఊరగాయ ముద్ద మానేశాను, రోజూ నడిచాను. డైటీషియన్ రాసిచ్చిన కాగితం ఆపరేషన్ అయినప్పట్నుంచీ మా ఫ్రిజ్ మీదే ఉంది, అందులో ఉన్నది చేయగలిగింది మాత్రం ఈ థెరపీ తర్వాతే.

మీ అమ్మగారికి చెప్పండి, పిచ్చికి కాదు, నడకకి వెళ్తున్నానని.

బెంగళూరు తెలుగబ్బాయి (క్లినికల్ సైకాలజీ):

టీచరమ్మ గారు చెప్పినదాంట్లో రెండు పద్ధతులు కలిసి ఉన్నాయి. ఎండుద్రాక్ష, నడుస్తూ ధ్యాస పెట్టడం లాంటివి 1979లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల కార్యక్రమంలోవి. మందులతో పూర్తిగా తగ్గని నొప్పులతో బాధపడే రోగుల కోసం పెట్టారు. మీ కోరికేమిటి అని అడగడం, భయం ఉండగానే నడవడం యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ అనే ఇంకో పద్ధతిలోవి. ఈ రోజుల్లో చాలామంది రెండూ కలిపే వాడుతున్నారు.

బావమరిది గారి ప్రశ్న సరైనదే. ఒక్క ధ్యానం వల్ల దిగే బరువు తక్కువే. టెన్షన్‌లో తినడం, ఆపుకోలేక తినడం మాత్రం తగ్గుతాయి, అంటే మీ పదకొండు గంటల చేగోడీలకి ఇది సరిగ్గా తగిలే మందు. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో 190 మంది మీద చేసిన పరిశోధన 2016లో వచ్చింది. అందరికీ ఆహార నియమాలు, వ్యాయామం నేర్పారు. ఒక గుంపుకి అదనంగా ఈ రెండో పద్ధతి నేర్పారు. ఏడాదికి మామూలు గుంపు సగటున 9.8 శాతం బరువు తగ్గితే, రెండో గుంపు 13.3 శాతం తగ్గింది. వాళ్లు ప్రత్యేకంగా గుండె రోగులు కారు, అది గుర్తుంచుకోవాలి. అయినా నాకు ముఖ్యంగా కనిపించేది, రెండు గుంపులకీ తిండి, నడక ఉన్నాయి. థెరపీ వాటికి తోడుగా వచ్చింది, వాటి బదులు కాదు.

మన దేశంలోనే గుండెపోటు వచ్చినవాళ్లకి యోగా, ధ్యానం నేర్పిన పెద్ద పరిశోధన యోగా-కేర్. 24 ఆసుపత్రులు, 3,959 మంది. ఫలితాలు 2020లో జర్నల్‌లో వచ్చాయి. మళ్లీ గుండెపోటు రావడం, మరణాలు లాంటివి తగ్గాయని అందులో రుజువు కాలేదు. కానీ యోగా నేర్చుకున్నవాళ్లు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, గుండెపోటుకి ముందు చేసిన పనులకి ఎక్కువగా తిరిగి వెళ్లగలిగారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ధ్యానం గురించి చెప్పింది కూడా దాదాపు ఇదే దారి, మందులూ వ్యాయామంతో పాటు చేసుకోవచ్చు అని. ఎవరైనా ధ్యానం చేస్తే స్టాటిన్ (కొలెస్టరాల్ మాత్ర), ఎకోస్ప్రిన్ (రక్తం పలచబరిచే మాత్ర) మానేయొచ్చు అంటే ఆ మనిషి దగ్గరికి వెళ్లకండి. స్టెంట్ ఉండగా రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టి ప్రాణం మీదకి వస్తుంది.

గుమస్తా గారికి రెండు జాగ్రత్తలు చెప్పాలి. కళ్లు మూసుకుని పడుకుని ఒళ్లంతా గమనించే అభ్యాసం ఉంటుంది, బాడీ స్కాన్ అంటారు. గుండె మీద భయం ఉన్నవాళ్లకి మొదట్లో అది దడని ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది. మేడంతో ముందే చెప్పండి, కళ్లు తెరిచి, పాదాల నుంచి మొదలుపెట్టిస్తారు. రెండోది, రాత్రిళ్లు లేచినప్పుడు చెమట, వణుకు, దడ కూడా ఉంటే ఒకసారి గ్లూకోమీటర్‌తో చూసుకోండి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే షుగర్ పడిపోయి కూడా అలా తినాలనిపిస్తుంది. 70 కంటే తక్కువుంటే గమనిస్తూ కూర్చోకూడదు, వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి, తర్వాత డాక్టరుకి చెప్పాలి.

గుండెపోటు తర్వాత ప్రతి ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. నిద్ర లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే మేడంకి తప్పకుండా చెప్పండి. రాత్రివేళ మనసు మరీ పాడైతే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

గుంటూరు గుమస్తా:

అందరికీ చాలా థాంక్సండీ. టీచరమ్మ గారు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను, రెండోసారి చదవమంది. మేడంకి ఫోన్ చేసి చేరతానని చెప్పాను.

రెండు అనుమానాలు. సాయంత్రం నాలుగింటికి కొట్లో అందరికీ టీ, మిరపకాయ బజ్జీలు వస్తాయి. సీజన్లో అయితే రైతులు కూర్చుని ఉంటారు, మా షావుకారు తన చేత్తో పళ్లెం ముందు పెడతారు, వద్దంటే బాగుండదు. ఇక ఇంట్లో మా ఆవిడ నేను ఎన్ని ముద్దలు తింటున్నానో లెక్కపెడుతుంది. ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ ఆ లెక్క చూస్తుంటే ముద్ద గబగబా దిగిపోతుంది, తర్వాత దొంగచాటుగా తినబుద్ధవుతుంది.

కాకినాడ టీచరమ్మ:

తమ్ముడూ, బజ్జీ పళ్లెం రాగానే ఒకటి తీసుకోండి. షావుకారుని నొప్పించొద్దు. దాన్ని టీ అయ్యేదాకా తినండి. కొరికి, చేతిలోది కింద పెట్టి, నమలడం అయ్యాకే మళ్లీ పట్టుకోండి. మిర్చి కారం, శనగపిండి, నూనె అన్నీ విడివిడిగా తెలుస్తాయి. చేతిలో ఒకటి ఉన్నంతసేపు ఇంకోటి తీసుకోమని ఎవరూ అనరు. టీలో పంచదార మాత్రం కుర్రాడికి ముందే చెప్పి మాన్పించండి, అందులో మొహమాటం ఏమీ లేదు, షుగర్ ఉందంటే అందరికీ అర్థమవుతుంది. ఒకటి తిన్నాక ఇంకోటి లాగుతుంది చూడండి, ఆ లాగడం ఎక్కడ తెలుస్తోందో గమనించండి. నాకైతే దవడల దగ్గర. నోరూరి, బాగా పెరిగి, కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. రాత్రి చేగోడీలకి కూడా ఇదే. కాసేపాగినా కడుపులో నిజంగా ఆకలి ఉంటే మజ్జిగ తాగండి, ఉప్పు లేకుండా.

మీ ఆవిడ సంగతి. ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చున్నది ఆవిడ. మీకు ట్రాక్ మీద దడ వస్తే, ఆవిడకి మీరు భోజనానికి కూర్చున్నప్పుడు వస్తుంది. ముద్దలు లెక్కపెట్టకు అని చెబితే ఆవిడ ఆ భయం ఎక్కడ పెట్టుకోవాలి? మావారూ ఇంతే. ఇంటివాళ్లని ఒకరిని తీసుకురమ్మని మా సైకాలజిస్టు అమ్మాయే అడిగింది, ఆయన వచ్చి కూర్చున్నారు. ఆ తర్వాత నా పళ్లెం చూడ్డం మానేసి నాతో పార్కుకి రావడం మొదలుపెట్టారు. మీ మేడంని అడగండి, మీ ఆవిడని కూడా రానిస్తారేమో. అన్నం కొలత గొడవ లేకుండా, ఒక కప్పు పెట్టి వడ్డించడం ఆవిడకే అప్పజెప్పండి. కప్పు అయ్యాక ఎన్ని ముద్దలు అన్న ప్రశ్నే రాదు.

వైజాగ్ ఫిజియో:

గుమస్తా గారూ, ఇద్దరూ కలిసి నడవడం చాలా మంచిది, మాట్లాడుతూ నడిస్తే వేగం సరిగ్గా ఉందో లేదో కూడా తెలిసిపోతుంది. గుంటూరు ఎండలు కాబట్టి పొద్దున ఏడులోపే ముగించండి. భోజనం చేయగానే వద్దు, గంటన్నర రెండు గంటలైనా ఆగండి. షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా కూడా వెళ్లొద్దు, ఎప్పుడు ఏం తిని బయల్దేరాలో డాక్టరుని అడగండి. సీజన్లో యార్డులో మిరప ఘాటుకి దగ్గు, ఆయాసం వస్తాయి కదా, అలాంటి రోజు దూరం తగ్గించండి, నడక మానకండి. సార్బిట్రేట్ స్ట్రిప్ మీద తేదీ ఒకసారి చూసుకోండి, జేబులో చెమటకి నలిగి ఉంటే కొత్తది కొనండి. మీ వాళ్లకి కూడా అది ఏ జేబులో ఉంటుందో చెప్పి ఉంచండి.